క్యారవాన్ బయటి ట్రిమ్‌పై ఎండిపోయిన పాలిష్: మొదలంటా తీసే పద్ధతి

సంక్రాంతికి ముందు పాలిష్ పెట్టించిన వ్యానుకు కనుమ దాటేసరికి ట్రిమ్ (అంటే అంచుల్లో ఉండే నల్ల ప్లాస్టిక్, రబ్బరు, అల్యూమినియం పట్టీలు) అంతా తెల్లబడిందనీ, కడిగినప్పుడు తడి ఉన్నంతసేపు నల్లగా కనబడి ఆరగానే మళ్ళీ తెల్లగా తేలుతోందనీ అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి ప్రతి ఏడూ ఇదే ప్రశ్న అడుగుతున్నారు. షూటింగులకు తిరిగే క్యారవాన్లదీ, యాత్రలకు కట్టించుకున్న ట్రావెలర్ వ్యాన్లదీ, ఇంటి కార్లదీ ఒకటే బాధ.

ఇక్కడ క్యారవాన్‌నే ప్రధానంగా తీసుకుంటున్నాను. దాని బయటివైపున నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్, అల్యూమినియం పట్టీ, ఆక్రిలిక్ (గాజులా కనిపించే ప్లాస్టిక్) కిటికీ పక్కపక్కనే ఉంటాయి. ఒకదానికి పనికివచ్చే ద్రవం పక్కనున్న దానిని పాడుచేస్తుంది. కారుకైతే కిటికీ గురించీ అతుకుల గురించీ చెప్పిన జాగ్రత్తలు వదిలేసి మిగతా క్రమమంతా అలాగే పాటించవచ్చు.

1. తెలుపు ఎక్కడ దాక్కుంటుంది

బంపరు, చక్రాల మీది అంచు, తలుపు కింది పట్టీ వంటి రంగు వేయని నల్ల ప్లాస్టిక్‌ను వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది. ఆ గరుకుదనమంతా కంటికి ఆనని చిన్న చిన్న గుంతలే. పాలిష్‌లో మైనం, నూనె, మెత్తటి రాపిడి పొడి, వీటన్నిటినీ కలిపి ఉంచే ద్రావకం ఉంటాయి. ద్రావకం ఆవిరైపోగానే మైనం, పొడి కలిసి ఆ గుంతల్లో సుద్దలా గట్టిపడతాయి.

అందుచేత దీనిని పైపై మరకగా చూడకూడదు. గుడ్డతో ఎంత గట్టిగా తుడిచినా గుడ్డ గుంతల గట్ల మీదనే జారిపోతుంది కానీ అడుగుకు దిగదు. నీరు పోసినప్పుడు గుంతలు నీటితో నిండి కాంతి చెదరడం తగ్గుతుంది కాబట్టి తెలుపు మాయమైనట్టు కనిపిస్తుంది. నీరు ఆరితే మళ్ళీ బయటపడుతుంది.

పని మొత్తానికీ సూత్రం ఒక్కటే. గుంతలోని ముద్దను మెత్తబరచాలి, కుచ్చుతో పైకి లేపాలి, అది మళ్ళీ ఆరకముందే గుడ్డతో ఎత్తేయాలి. చాలామందికి మొదటి రెండూ బాగానే వస్తాయి, మూడోది ఆలస్యమవుతుంది. లేచిన ముద్ద అక్కడే ఆరిపోయి మరింత వెడల్పుగా పరుచుకుంటుంది.

2. అది పాలిష్ అవునో కాదో ముందుగా తేల్చుకోవాలి

తెల్లగా కనబడేదంతా పాలిష్ కాదు. కోస్తా మండలాల్లో బోరునీటి ఉప్పు, సున్నం మరకలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి. ఎండకు వెలిసిన ప్లాస్టిక్ కూడా తెల్లగానే కనిపిస్తుంది. మూడింటికీ వైద్యం వేరు.

- పుల్లతో మెల్లగా గీకితే పుల్ల మొనకు తెల్లటి పొడిగానీ మైనపు ముద్దగానీ అంటితే అది పాలిష్. ఇది సాధారణంగా రంగు వేసిన భాగం అంచును ఆనుకుని, గుడ్డ తిరిగిన దారిలో గీతలుగా ఉంటుంది.
- చుక్కలుగా, ఉంగరాలుగా ఉండి, తెల్ల వెనిగర్‌లో సమానంగా నీరు కలిపి అద్దినప్పుడు ఒకటి రెండు నిమిషాల్లో కరిగిపోతే అది నీటి సున్నం. వెనిగర్ మైనాన్ని కరిగించదు.
- పట్టీ మొత్తం ఒకే తీరుగా బూడిద రంగుకు తిరిగి, పుల్లకు ఏమీ అంటకపోతే ప్లాస్టిక్ వెలిసిపోయిందని అర్థం. దానికి ఈ పద్ధతి పనిచేయదు. రంగు తేల్చే పూత వేయాల్సిందే.

ప్లాస్టిక్ మీద పాలిష్, సున్నం రెండూ కలిసి ఉంటే ముందు పాలిష్ తీసి, తరువాతే వెనిగర్ వాడాలి. మైనం కింద దాగిన సున్నానికి వెనిగర్ చేరదు.

3. దగ్గర పెట్టుకోవలసినవి

- రెండు బకెట్లు, మగ్గు, కార్లకు వాడే షాంపూ
- మెత్తటి కుచ్చున్న టూత్‌బ్రష్షులు మూడు, రంగుల దుకాణంలో దొరికే 1 అంగుళం బ్రష్షు ఒకటి
- మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం ఆరు. లేకపోతే ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కలు
- బడిపిల్లలు వాడే తెల్ల రబ్బరు, పళ్ళు కుట్టుకునే చెక్కపుల్లలు
- మందుల షాపులో దొరికే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- రంగుల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్, చిన్న సీసా
- హెయిర్ డ్రయర్, మాస్కింగ్ టేపు, చేతి తొడుగులు

చేతులకు రాసుకునే జెల్ శానిటైజర్‌ను ఆల్కహాల్‌కు బదులుగా వాడకూడదు. అందులో గ్లిజరిన్, చిక్కదనం తెచ్చే పదార్థాలు ఉంటాయి; అవి ఆరితే గుంతల్లో ఇంకొక పొర చేరుతుంది.

పెట్రోలు, కిరోసిన్, రంగులను పలుచన చేసే ఎన్‌సీ థిన్నర్ ఈ జాబితాలో లేవు. థిన్నర్ కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, రంగును లేపుతుంది, ఆక్రిలిక్ కిటికీని పగలగొడుతుంది. పెట్రోలు సంగతి చెప్పనవసరం లేదు. ఇంటి ముందు అలాంటి పని చేయకూడదు.

4. నీరు, నీడ, వేళ

డెల్టాలో ఈ పని చెడటానికి సగం కారణం నీరే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అందరమూ బోరునీటి మీద ఆధారపడతాం. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఆ నీరు ఉప్పగా ఉంటుంది. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు కాలువ నీటిలో సన్నటి ఒండ్రు కలిసి ఉంటుంది. ఆ నీటితో గుడ్డను తడిపి తుడిస్తే రంగు మీద గీతలు పడతాయి. బకెట్ అడుగున మట్టి పేరుకునే నీరు ఏదైనా పనికిరాదు.

తొలి కడుగుడుకు తేరిన నీరు చాలు. చివరి కడుగుడుకు మాత్రం మంచినీళ్ళ టిన్ను ఒకటి, అంటే 20 లీటర్లు, పక్కన పెట్టుకుంటే ట్రిమ్ వరకు సరిపోతుంది. ఆ ఖర్చు దండగ కాదు. చివరి నీటిలో ఉప్పు ఉంటే అంతసేపు చేసిన శ్రమ తెల్లటి చుక్కలుగా తిరిగి కనబడుతుంది.

ఉదయం మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు నీడలో మొదలుపెట్టాలి. చేతి వెనుకవైపు ప్లాస్టిక్ మీద ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి ప్లాస్టిక్ మీద ఆల్కహాల్ క్షణాల్లో ఆవిరైపోతుంది, ముద్ద ఎక్కడిదక్కడే మిగులుతుంది. నూర్పిళ్ళ రోజుల్లో కళ్ళాల పక్కన, రోడ్డు మీద ధాన్యం ఆరబోసిన చోట ఈ పని పెట్టుకోకూడదు. గాలికి లేచే నూగు తడి ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది.

చాలామంది బండిని కాలువ గట్టు మీదో, చేపల చెరువు పక్కనో నిలిపి కడుగుతారు. షాంపూ నురగ, టర్పెంటైన్ చేపలకూ రొయ్యలకూ హాని చేస్తాయి. ఆ నీరు చెరువులోకీ పంటబోదెలోకీ దిగని చోట మాత్రమే కడగాలి.

5. ఏ భాగానికి ఏది వాడాలి

అన్నిటికన్నా ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

గరుకు నల్ల ప్లాస్టిక్: షాంపూ నీరు, ఆల్కహాల్, చివరి ప్రయత్నంగా టర్పెంటైన్. మూడూ తట్టుకుంటుంది. అయినా కనబడని మూలన ముందుగా చిన్న చోట పరీక్షించాలి.

రబ్బరు బీడింగ్: షాంపూ నీరు, మెత్తటి బ్రష్షు మాత్రమే. మరీ మొండిగా ఉంటే ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో ఒక్కసారి తుడిచి వెంటనే నీటితో కడగాలి. టర్పెంటైన్ తగిలితే ఈ రకం రబ్బరు ఉబ్బి, బిగువు తప్పుతుంది. ఆ తరువాత వానాకాలంలో నీరు కారడం మొదలవుతుంది.

అల్యూమినియం పట్టీ: షాంపూ నీరు, ఆల్కహాల్ చాలు. ఇంట్లో రాగి చెంబులు తోమినట్టు చింతపండుతోగానీ, తోమే పొడితోగానీ, చాకలి సోడాతోగానీ రుద్దకూడదు. పులుపు, క్షారం రెండూ అల్యూమినియం పైపొరను తినేసి మచ్చలు పెడతాయి.

ఆక్రిలిక్ కిటికీ: గోరువెచ్చని షాంపూ నీరు తప్ప మరేదీ తగలకూడదు. చాలా క్యారవాన్ల కిటికీలు అద్దం కావు, ఆక్రిలిక్. పాలకొల్లులో ఒకసారి నేను కిటికీ చుట్టూ ఉన్న పట్టీని తుడుస్తూ, ఆల్కహాల్ గుడ్డ కిటికీ అంచుకు కూడా తగులుతున్నా పట్టించుకోలేదు. ఆ సాయంత్రం ఏమీ కనబడలేదు. మర్నాడు పొద్దున ఎండ ఏటవాలుగా పడినప్పుడు, స్క్రూ బిగించిన చోటు చుట్టూ వెంట్రుక కన్నా సన్నని పగుళ్ళు, సాలెపట్టు తీగల్లా మెరుస్తూ కనిపించాయి. ఆ పగుళ్ళు ఏ పాలిష్‌కూ పోవు. కిటికీ మార్చాల్సి వచ్చింది. అప్పటి నుంచి కిటికీ అంచుకు మాస్కింగ్ టేపు రెండు వరుసలు వేయకుండా నేను ఆల్కహాల్ మూత తీయలేదు.

అతుకులు, స్టిక్కర్లు: పైకప్పు అంచు పట్టీల కింద నీరు దిగకుండా మెత్తటి సీలెంట్ పెట్టి ఉంటారు. టర్పెంటైన్ దానిని కరిగిస్తుంది. పట్టీకీ గోడకూ మధ్య సందులోకి అది దిగకూడదు. స్టిక్కర్ల అంచులకు కూడా ద్రావకం తగిలితే జిగురు వదులుతుంది.

6. పని క్రమం

ఒకేసారి బండి చుట్టూ తిరగకూడదు. జానెడు, అంటే సుమారు 20 సెంటీమీటర్ల పట్టీ తీసుకుని, అది పూర్తయ్యాక పక్క జానెడుకు వెళ్ళాలి.

6.1. దుమ్ము వదిలించడం. పై నుంచి కిందికి నీరు పోసి దుమ్ము, ఇసుక, సముద్రపు గాలికి చేరిన ఉప్పు పోయేవరకు కడగాలి. వాటర్ సర్వీసింగ్ గొట్టం వాడితే కిటికీ రబ్బర్లకు, గాలి జాలీలకు, అతుకులకు ఎదురుగా కొట్టకూడదు. తరువాత పూర్తిగా ఆరనివ్వాలి. తెలుపు ఎక్కడెక్కడ ఉందో ఆరినప్పుడే తెలుస్తుంది.

6.2. పొడిగా ఉండగానే లేపడం. ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు, కానీ పనిలో మూడో వంతు ఇక్కడే తేలిపోతుంది. పొడి బ్రష్షుతో గరుకు ఏ దిశలో ఉందో ఆ దిశలో మెల్లగా కొడుతూ పోతే తెల్లటి పొడి రాలుతుంది. నునుపుగా ఉన్న చోట్ల తెల్ల రబ్బరుతో కాగితం మీద పెన్సిల్ గీత చెరిపినట్టు చెరపాలి. రబ్బరు ఉండలు మొదట తెల్లగా రాలి, మైనం అంటుకునే కొద్దీ బూడిద రంగుకు తిరిగి బంకగా సాగుతాయి. అలా మారినప్పుడల్లా రబ్బరు కొసను గరుకు కాగితం మీద రుద్ది కొత్త మొన తేల్చుకోవాలి, లేకపోతే తీసిన మైనాన్నే తిరిగి పూసినట్టవుతుంది.

6.3. గోరువెచ్చని షాంపూ నీరు. లీటరు గోరువెచ్చని నీటికి ఒక టీస్పూను షాంపూ. బ్రష్షును ముంచి, నురగ వచ్చేలా చిన్న చిన్న సున్నాలు చుడుతూ అర నిమిషం రుద్దాలి. నురగ పాల రంగుకు తిరగగానే ఆపి, తడి గుడ్డతో ఎత్తేయాలి, వెంటనే ఆరిన గుడ్డతో అద్దాలి. గుడ్డను ప్లాస్టిక్ మీద జరపకుండా నొక్కి ఎత్తడమే మంచిది. కొత్తగా పడిన పాలిష్ చాలావరకు ఈ మెట్టుకే పోతుంది.

6.4. ఆల్కహాల్. ఆరాక ఇంకా తెలుపు మిగిలిన చోట్లకే ఇది. ద్రవాన్ని ప్లాస్టిక్ మీద పోయకుండా బ్రష్షుకు అద్దాలి. ఒక చేత్తో బ్రష్షు ఆడిస్తుంటే రెండో చేతిలో గుడ్డ సిద్ధంగా ఉండాలి. నాలుగైదు సార్లు ఆడించి, తడి మెరుపు ఉండగానే గుడ్డతో నొక్కి ఎత్తాలి. గుడ్డలో ప్రతిసారీ శుభ్రమైన మడత తిప్పుకోవాలి. ఒకే చోట మూడుసార్లు చేసినా తేడా రాకపోతే నాలుగోసారి చేయకుండా తరువాతి మెట్టుకు వెళ్ళాలి.

6.5. వేడి. మండే ద్రవాల సీసాలన్నీ దూరంగా పెట్టి, ఆల్కహాల్ తడి పూర్తిగా ఆరి, కడిగిన తరువాత మాత్రమే డ్రయర్ తీయాలి. పాలిష్‌లలో వాడే కార్నౌబా మైనం సుమారు 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంత వేడి మనకు అవసరం లేదు, మైనం మెత్తబడితే చాలు. డ్రయర్‌ను జానెడు దూరంలో కదుపుతూ, చేయి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి వరకే తెచ్చి, వెంటనే షాంపూ నీటి బ్రష్షుతో 6.3 మెట్టును మళ్ళీ చేయాలి. కార్ఖానాల్లో వాడే హీట్ గన్ ఇక్కడ వద్దు. దానికి ప్లాస్టిక్ గరుకు కరిగి నున్నటి మచ్చ పడుతుంది, అది శాశ్వతం.

6.6. టర్పెంటైన్. గరుకు నల్ల ప్లాస్టిక్ మీద, నెలల తరబడి ఎండిన మైనానికి మాత్రమే. చుట్టూ టేపు వేసి, గుడ్డ కొసకు నాలుగు చుక్కలు అద్ది, చిన్న చోట రుద్ది, అర నిమిషంలోపు షాంపూ నీటితో కడిగేయాలి. దీని ఆవిరి 40 డిగ్రీల చుట్టుపక్కలే నిప్పంటుకునే స్థాయికి చేరుతుంది, మన మే నెల మధ్యాహ్నం బండి గోడ అంతకన్నా వేడిగా ఉంటుంది. అందుకని ఉదయం వేళ, ఆరుబయట, బీడీ సిగరెట్టూ దీపమూ లేని చోట, క్యారవాన్ లోపలి గ్యాస్ పొయ్యి ఆర్పిన తరువాతే చేయాలి. వాడిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకుండా బయట పరిచి ఆరబెట్టాలి.

6.7. చివరి కడుగుడు. మంచినీటితో పై నుంచి కిందికి కడిగి, గుడ్డతో అద్ది, అరగంట ఆరనివ్వాలి. అరగంట తరువాత చూసిందే అసలు ఫలితం. తడి మీద చూసి అయిపోయిందనుకోవద్దు.

7. మొండి చోట్లు

ఉబ్బెత్తు అక్షరాలు, స్క్రూ తలలు, తలుపు పిడి మూలలు, పట్టీ చివర మూతలు. వీటికి బ్రష్షు చాలదు. చెక్కపుల్ల మొనకు పలుచటి గుడ్డ ఒక చుట్టు చుట్టి, షాంపూ నీటిలో ముంచి, అక్షరం అంచు వెంట ఒకే దిశలో లాగాలి. ముందుకూ వెనక్కూ కదిపితే మైనం మూలలోకి మరింత కూరుకుంటుంది. సూది, బ్లేడు, స్క్రూడ్రైవర్ వాడకూడదు. నల్ల ప్లాస్టిక్ మీద పడిన గీత తెల్లగానే కనబడుతుంది, పాలిష్‌లా పోదు.

దసరా ఆయుధపూజకు పెట్టిన పసుపు, కుంకుమ పాత పాలిష్‌తో కలిసి గడ్డకట్టిన చోట ముందు పొడి బ్రష్షుతో రాల్చి, తరువాతే తడి చేయాలి. తడిపితే రంగు గుంతల్లోకి దిగుతుంది. దిగిన పసుపు ఛాయ ఎండకు క్రమంగా వెలుస్తుంది, దానికోసం గట్టిగా రుద్ది ప్లాస్టిక్‌ను పాడుచేసుకోవద్దు.

8. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

కొబ్బరినూనె పూయడం. కోనసీమలో ఈ అలవాటు కనిపిస్తుంది. పూసిన వెంటనే పట్టీ కొత్తదానిలా నల్లబడుతుంది, అందుకే అందరూ నమ్ముతారు. నూనె చేసేది నీరు చేసిన పనే, గుంతలను నింపి తెలుపును కప్పుతుంది. వారం తిరగకుండా దానికి రోడ్డు దుమ్ము పట్టి, పాలిష్, నూనె, మట్టి కలిసిన జిగురు తయారవుతుంది. ఇప్పటికే పూసి ఉంటే షాంపూను రెట్టింపు చేసి 6.3 మెట్టును రెండుసార్లు చేసి నూనె వదిలించాలి. ఆ తరువాతే మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఎందుకంటే నూనె మీద రబ్బరుగానీ పొడి బ్రష్షుగానీ పనిచేయవు.

కొబ్బరి పీచుతో, గిన్నెలు తోమే పచ్చ పీచుతో రుద్దడం. తెలుపు పోయినట్టే ఉంటుంది, దానితోపాటు గరుకు కూడా అరిగి నున్నటి మెరుపు మచ్చలు మిగులుతాయి. అరిగిన గరుకు తిరిగి రాదు. రంగు తేల్చే పూతతో తేడా కొంత కప్పిపుచ్చవచ్చు, అంతకు మించి చేయగలిగింది లేదు.

మరక మీద మళ్ళీ పాలిష్ పెట్టడం. కొత్త పాలిష్‌లోని ద్రావకం పాతదాన్ని కాస్త కరిగించడం నిజమే, గరుకు ప్లాస్టిక్ మీద మాత్రం ఆ కరిగినదీ కొత్తదీ కలిసి అక్కడే ఆరతాయి.

డ్యాష్‌బోర్డు పాలిష్ పట్టించడం. కొబ్బరినూనె లాంటిదే. పైగా అది పక్కనున్న రంగు మీదకు కారి గీతలు కడుతుంది. షాంపూ నీటితో తీసేయాలి.

ఒకే రోజులో అంతా ముగించాలనుకోవడం. పెద్ద క్యారవాన్‌కు రెండు ఉదయాలు పడుతుంది. రెండో రోజు ఓపిక తగ్గినప్పుడే గుడ్డ మార్చడం మరచిపోతాం.

9. తీసిన తరువాత పూత

శుభ్రమైన ప్లాస్టిక్‌ను అలాగే వదిలేస్తే తరువాతి పాలిష్ మళ్ళీ అదే గుంతల్లో కూర్చుంటుంది. బయటి ప్లాస్టిక్ కోసమే అమ్మే ట్రిమ్ డ్రెస్సింగ్, నీటి ఆధారంగా తయారైనది, పలుచగా వేయాలి. స్పాంజి ముక్కకు అద్ది, పట్టీ మధ్య నుంచి అంచులకు జరిపి, పది నిమిషాల తరువాత మిగిలినదాన్ని ఆరిన గుడ్డతో తుడిచేయాలి. వేలితో తాకితే జిడ్డు అంటకూడదు. ఫుట్‌బోర్డు మీద, ఎక్కే నిచ్చెన మెట్ల మీద మాత్రం ఏ పూతా వేయకూడదు, కాలు జారుతుంది.

10. ఈసారి పాలిష్ పెట్టేటప్పుడు

పాలిష్ డబ్బా తెరవడానికి ముందే ట్రిమ్‌కు 9లో చెప్పిన పూత వేసి, ఒక పూట ఆగి, రంగు భాగాన్ని ఆనుకున్న ప్రతి అంచుకూ మాస్కింగ్ టేపు వేయాలి. పూతకు జిడ్డు మిగిలి ఉంటే టేపు నిలవదు కాబట్టి అంచులను ముందు ఆరిన గుడ్డతో గట్టిగా తుడవాలి. టేపును గోటితో నొక్కి సందు లేకుండా అతికించాలి. పాలిష్ రుద్ది తుడవడం పూర్తయిన వెంటనే తీసేయాలి. ఎండలో ఒక పగలంతా వదిలేసిన టేపు జిగురు ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది.

బయట పని చేయించుకునేవారు పనివారికి ముందే చెప్పవలసినవి:

- టేపు వేయకుండా పాలిష్ మొదలుపెట్టవద్దని
- మిషను అంచులకు నాలుగు వేళ్ళ దూరంలో ఆపి, అక్కడి నుంచి చేత్తో చేయమని
- ఒక్కో పలకకు పాలిష్ రాసి, తుడిచి, తరువాతే రెండో పలకకు వెళ్ళమని
- ట్రిమ్ మీద చుక్క పడితే అప్పటికప్పుడే తడి గుడ్డతో ఎత్తేయమని

ఈ నాలుగో మాట మరీ మరీ చెప్పాలి. తడిగా ఉన్నప్పుడు ఒక్క తుడుపుతో పోయే చుక్కకు, ఎండాక పైన చెప్పిన ఏడు మెట్లూ ఎక్కాల్సి వస్తుంది.